గుంటూరు స్థలానికి ఒక లెక్క, కూకట్‌పల్లి ఫ్లాట్‌కి ఇంకో లెక్క

ప్రశ్న: మాది గుంటూరు. 2009లో అమెరికా వచ్చాం, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. 2020లో ఇద్దరికీ గ్రీన్ కార్డు వచ్చింది. మా వారు 2012లో కూకట్‌పల్లిలో 45 లక్షలకు కొన్న ఫ్లాట్ అప్పటినుంచీ అద్దెకి ఉంది. ఇప్పుడు కోటీ పాతిక లక్షలు పలుకుతోంది. 2022లో నాన్నగారు పోయారు. ఆయన 1996లో కొన్న 400 గజాల స్థలం, తెనాలి దగ్గర పల్లెలో రెండెకరాలు వీలునామా ప్రకారం నాకు వచ్చాయి. స్థలానికి కోటీ అరవై లక్షలకు బేరం కుదిరింది. కొనేవాళ్ళు 90 లక్షలకు రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతా 70 లక్షలు క్యాష్ ఇస్తామంటున్నారు. మా అన్నయ్య ‘బాండ్లు కొనేయండి, రెండిటికీ పన్ను ఉండదు’ అంటున్నాడు. 2027లో పిల్లలతో హైదరాబాద్ వచ్చేయాలని అనుకుంటున్నాం. ఏది ముందు అమ్మాలి, ఏది ఎలా అమ్మాలి?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

మీ అన్నయ్యగారి మాట స్థలం విషయంలో నిజం. ఫ్లాట్ విషయంలో దాదాపు పనికిరాదు. ఆయన ఇండియా వైపు నుంచి మాత్రమే చూస్తున్నారు. గ్రీన్ కార్డు ఉన్నన్నాళ్ళూ మీరు ప్రపంచంలో ఎక్కడ ఏం సంపాదించినా అమెరికాకి లెక్క చెప్పాలి, గుంటూరులో అమ్మినదానికి కూడా.

రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. 1989లో సంతకాలైన ఆ ఒప్పందంలో 13వ అధికరణం చదివితే ఆ ధీమా కాస్త తగ్గుతుంది. ఆస్తి అమ్మకంపై లాభానికి ఏ దేశానికి ఆ దేశం తన చట్టం ప్రకారం పన్ను వేసుకోవచ్చని మాత్రమే అందులో ఉంది. అంటే ఇద్దరూ వేస్తారు. ఇండియాలో కట్టిన పన్నుని అమెరికా పన్నులోంచి తగ్గించుకునే వీలు (క్రెడిట్) ఉంటుంది. దానికి ఫారం 1116 వేయాలి. కానీ అదే లాభం మీద అమెరికాలో ఎంత పన్ను పడుతుందో అంతవరకే తగ్గుతుంది, ఆ పైన ఉన్నది చేతికి రాదు. ఒకే అమ్మకానికి రెండు దేశాలూ లాభాన్ని వేర్వేరుగా లెక్క కడతాయి కాబట్టి మీ మూడు ఆస్తులకీ మూడు జవాబులు వస్తాయి.

ముందు స్థలం చూద్దాం. ఇండియా దృష్టిలో వారసత్వంగా వచ్చిన ఆస్తికి మీ కొనుగోలు ధర అంటే నాన్నగారు పెట్టిన ధరే. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నది కాబట్టి ఆ తేదీనాటి మార్కెట్ విలువని తీసుకునే అవకాశం ఉంది, కానీ అది ఆనాటి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు విలువని మించకూడదు. గజం 2,000 అనుకుందాం. 8 లక్షలు. అమ్మింది 160 లక్షలు. లాభం 152 లక్షలు. ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరని పెంచి చూపడం) వాడుకుంటే లాభం తగ్గదా అని మీరు అడగొచ్చు. 2024 జులై 23 తర్వాత పాత 20 శాతం, ఇండెక్సేషన్ దారి ఎంచుకునే వీలు ఇక్కడ నివసించేవాళ్ళకే మిగిలింది. ఎన్నారైలకి 12.5 శాతం ఒక్కటే, ఇండెక్సేషన్ లేదు. కోటి దాటిన లాభానికి 15 శాతం సర్‌ఛార్జి, ఆ పైన 4 శాతం సెస్సు కలిపితే 14.95 శాతం అవుతుంది. మీకు పడేది సుమారు 22 లక్షల 72 వేలు. ఎన్నారైలు ఈ లాభానికి బేసిక్ మినహాయింపు కూడా వాడుకోలేరు.

ఇక అమెరికా దృష్టిలో అదే స్థలం. వారసత్వంగా వచ్చిన ఆస్తికి అమెరికాలో కొనుగోలు ధర అంటే ఆ మనిషి పోయిన రోజున దాని మార్కెట్ విలువ. నాన్నగారు అమెరికా మొహం చూడకపోయినా సరే, ఈ సూత్రం వర్తిస్తుంది. 2022లో ఆ స్థలం 140 లక్షలు, డాలరు 78 రూపాయలు అనుకుంటే 1,79,500 డాలర్లు. ఇప్పుడు 160 లక్షలు, డాలరు 90 అనుకుంటే 1,77,800 డాలర్లు. అమెరికా లెక్కలో మీకు లాభమే లేదు, పైగా కాస్త నష్టం! అంటే ఇండియాలో కట్టే 22 లక్షల 72 వేలకి అమెరికాలో తగ్గించుకోవడానికి ఎదురుగా పన్నంటూ ఏమీ ఉండదు. ఆ క్రెడిట్‌ని ఒక ఏడాది వెనక్కీ పదేళ్ళు ముందుకీ జరుపుకోవచ్చు. ఇండియా నుంచి వడ్డీ, అద్దె లాంటి ఆదాయం ఎక్కువగా ఉంటే కొంత కలిసొస్తుంది. మీకు అంత ఉన్నట్టు లేదు.

అందుకే స్థలం విషయంలో ఇండియా పన్నుని తగ్గించుకోవడం అసలైన పొదుపు. బాండ్లంటే 54ఈసీ బాండ్లు. అమ్మిన ఆరు నెలల్లో, గరిష్ఠంగా 50 లక్షల వరకు కొనొచ్చు, అయిదేళ్ళు కదపలేరు. మీకు సుమారు ఏడున్నర లక్షలు మిగులుతాయి. వాటి వడ్డీ రెండు దేశాల్లోనూ పన్ను కట్టాల్సిందే.

అయితే మీరు హైదరాబాద్ వచ్చేస్తున్నారు. ఎటూ ఇల్లు కొనక తప్పదు. అలాంటప్పుడు 54ఎఫ్ సెక్షన్ చాలా నయం. స్థలం అమ్మగా వచ్చిన డబ్బంతా ఇండియాలో ఒకే ఇంటిలో పెడితే ఆ 22 లక్షల 72 వేలూ పూర్తిగా పోతుంది. కొంతే పెడితే ఆ మేరకే. అమ్మకానికి ముందు ఏడాదిలో గానీ, అమ్మిన తర్వాత రెండేళ్ళ లోపు గానీ కొనాలి. కట్టించుకుంటే మూడేళ్ళు. అమ్మే రోజుకి కొత్త ఇల్లు కాక మీ పేరున ఒక ఇంటికి మించి ఉండకూడదు. ఫ్లాట్ మీ వారి పేరున ఉంది కాబట్టి ఇబ్బంది లేదనిపిస్తోంది. ఇర్వింగ్ ఇంట్లో మీ వాటా ఉందేమో, దాన్ని మాత్రం ఆడిటర్ గారికి చెప్పండి, దాచొద్దు. రిటర్ను గడువులోపు ఇల్లు కొనకపోతే మిగిలిన డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి. చాలామంది ఇక్కడ దెబ్బతింటారు. సొమ్ముని మామూలు ఎఫ్‌డీలో పెట్టి, ఇల్లు తర్వాత చూద్దాంలే అనుకుంటారు.

ఇప్పుడు ఫ్లాట్. 45 లక్షలకు కొని 125 లక్షలకు అమ్మితే ఇండియాలో లాభం 80 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు పక్కన పెడుతున్నాను. సర్‌ఛార్జి 10 శాతం, సెస్సు కలిపి 14.3 శాతం. 11 లక్షల 44 వేలు. డాలర్లలో సుమారు 12,700.

అమెరికాకి కొన్ననాటి రేటుతో కొన్న ధర, అమ్మిననాటి రేటుతో అమ్మిన ధర చూపించాలి. 2012లో డాలరు 54 అనుకుంటే 83,300 డాలర్లకు కొన్నారు, 1,38,900కి అమ్మారు. లాభం 55,600. రూపాయి పడిపోవడం ఇక్కడ మీకు మేలు చేసింది, ఇండియా లెక్కలోని లాభంలో మూడో వంతుకు పైగా డాలర్లలో కనిపించకుండా పోయింది. ఆగండి, అంతటితో అయిపోలేదు. అద్దెకిచ్చిన ఇంటికి ఏటా తరుగుదల తీసుకోవాలని అమెరికా చట్టం. విదేశంలో ఉన్న, 2018కి ముందు నుంచీ అద్దెకిచ్చిన ఇంటి కట్టడం విలువని 40 ఏళ్ళ మీద పంచి చూపించాలి. మీరు చూపించారా? చూపించకపోయినా, చూపించినట్టే అనుకుని అమ్మేటప్పుడు దాన్ని లాభంలో కలుపుతారు. 14 ఏళ్ళకి ఇరవై ఒక్క వేల డాలర్ల దాకా తేలుతుందనుకుందాం. ఆ ముక్కకి 25 శాతం వరకు, మిగతా 55,600కి మీ శ్లాబుని బట్టి 15 శాతం. మొత్తం 13,600 డాలర్ల దరిదాపు. ఇన్నేళ్ళూ తరుగుదల వదిలేసి ఉంటే అమ్మే ఏడాదిలో ఫారం 3115తో ఒకేసారి తెచ్చుకోవచ్చు. మీ సీపీఏకి (అమెరికా ఆడిటర్‌కి) ఈ మాట గుర్తుచేయండి. అమెరికాలో ఇండియా ఇళ్ళ రిటర్న్‌లు ఎక్కువగా చూడని సీపీఏలు దీన్ని దాటేస్తారు.

చూశారుగా, ఇండియాకి 12,700, అమెరికాకి 13,600. ఇండియాలో కట్టింది తీసేస్తే అమెరికాలో మిగిలేది సుమారు 900. ఇప్పుడు అన్నయ్యగారి సలహా విని ఫ్లాట్‌కి 50 లక్షల బాండ్లు కొన్నారనుకోండి. ఇండియాలో లాభం 30 లక్షలకి దిగి, పన్ను 3 లక్షల 90 వేలు అవుతుంది. ఏడున్నర లక్షలు మిగిలిందని సంబరపడేలోపు అమెరికా మీ దగ్గర సుమారు 9,300 డాలర్లు తీసుకుంటుంది, ఎందుకంటే ఇప్పుడు తగ్గించుకోవడానికి ఇండియా పన్ను తక్కువ. ఇండియాలో మిగిలింది అమెరికాకి పోయింది. మీ 50 లక్షలు అయిదేళ్ళు ఇరుక్కుపోయాయి. ఫ్లాట్ అమ్మి ఇంకో ఇల్లు కొనే 54 సెక్షన్‌కీ ఇదే జరుగుతుంది. అమెరికాలో సొంత నివాసానికి వేరే రాయితీ ఉంది గానీ, అద్దె ఇల్లు అమ్మి ఉండటానికి వేరే ఇల్లు కొన్నందుకు, అందులోనూ ఇండియా బాండ్లు కొన్నందుకు, మీకు వచ్చే మినహాయింపు లేదు.

ఉమ్మడి ఆదాయం 2,50,000 డాలర్లు దాటితే అదనంగా 3.8 శాతం నెట్ ఇన్వెస్ట్‌మెంట్ పన్ను ఉంది, దానికి ఇండియా పన్ను క్రెడిట్‌ని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఒప్పుకోదు. టెక్సాస్‌కి రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, మీ అదృష్టం. కాలిఫోర్నియాలో ఉన్న మన వాళ్ళకి ఆ సుఖం లేదు. ఆ రాష్ట్రం ఇండియాలో కట్టిన పన్నుకి క్రెడిట్ ఇవ్వదు.

టీడీఎస్ విషయంలో రెండిటికీ తేడా ఉంది. ఇక్కడ నివసించేవాళ్ళు 50 లక్షలు, ఆ పైన అమ్మితే కొనేవాళ్ళు ఒక శాతం కోస్తారు. ఎన్నారై అమ్మితే పాత చట్టంలో 195 సెక్షన్ కింద, లాభం ఎంతో తెలియదు కాబట్టి మొత్తం ధర మీదే కోస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, నేను మీకు అలవాటైన పాత నంబర్లే చెబుతున్నాను. స్థలానికి 160 లక్షల మీద 23 లక్షల 92 వేలు కోస్తారు, అసలు పన్ను 22 లక్షల 72 వేలు. ఈ తేడా చిన్నదే, కానీ 54ఎఫ్ క్లెయిమ్ చేస్తే కోసినదంతా రిటర్న్‌లో వాపసు వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, కాబట్టి తక్కువ కోతకి సర్టిఫికెట్ దొరుకుతుందేమో ఆడిటర్ గారిని అడగండి. దొరక్కపోతే ఇల్లు కొనేటప్పుడు ఆ కోసుకున్న డబ్బుని కూడా వేరే చోటునుంచి తెచ్చి పెట్టాలి, లేకపోతే ‘మొత్తం పెట్టారు’ అన్నది నిలవదు. ఇక ఫ్లాట్ సంగతి. 125 లక్షల మీద 18 లక్షల 69 వేలు కోస్తారు, అసలు పన్ను 11 లక్షల 44 వేలే. ఏడు లక్షల పైచిలుకు ఏడాదికి పైగా ప్రభుత్వం దగ్గర ఉండిపోతుంది. దానికి ఫారం 13గా అందరికీ తెలిసిన దరఖాస్తుతో తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోండి. కొనేవాళ్ళ పేరు, అగ్రిమెంట్ దానికి జతచేయాలి, వారాలు పడుతుంది. అందుకని అగ్రిమెంట్‌లో రిజిస్ట్రేషన్ గడువు కనీసం మూడు నెలలు రాయించుకోండి. కొనేవాళ్ళకి టాన్ (టీడీఎస్ కోసి కట్టేవాళ్ళు తీసుకునే) నంబరు ఉండాలన్న షరతు ఒకటి ఇన్నాళ్ళూ పెద్ద తలనొప్పి. 2026 బడ్జెట్‌లో దాన్ని సడలిస్తామని ప్రకటించారు. మీ రిజిస్ట్రేషన్ నాటికి ఏది అమల్లో ఉందో ఆడిటర్ గారిని అడగండి.

ఎన్నారై అన్న సంగతి కొనేవాళ్ళకి ముందే చెప్పండి. ఒక శాతం కోసి చేతులు దులుపుకున్నాక నోటీసు వచ్చేది వాళ్ళకే. మీ వారి అద్దె మీద కూడా అద్దెకున్నవాళ్ళు 31.2 శాతం కోయాలి. సగం మంది కోయరు. అమ్మకం రిటర్న్‌తో పాటు ఆ పాత అద్దెలు కూడా బయటపడతాయి.

ఇక ఆ 70 లక్షల క్యాష్.

‘అందరూ చేసేదే’ అని మీకు గట్టిగా చెప్పి ఉంటారు. మీ విషయంలో దీనివల్ల లాభం ఎవరికో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం, 70 లక్షల మీద 5 లక్షల 25 వేలు. అది కొనేవాళ్ళకి మిగిలేది. వాళ్ళ దగ్గరున్న లెక్కలేని డబ్బు స్థలంగా మారడం అన్నిటికంటే పెద్ద లాభం. మీకు? లాభం 82 లక్షలే చూపిస్తే పన్ను 11 లక్షల 73 వేలు అవుతుంది, అంటే 11 లక్షలు మిగుల్చుకున్నట్టు. కానీ 160 లక్షలూ వైట్‌లో తీసుకుని 54ఎఫ్ కింద ఇల్లు కొంటే పన్ను సున్నా. అంటే బ్లాక్‌లో అమ్మినా మీకు పన్నులో అదనంగా మిగిలేదేమీ లేదు! పైగా ఆ 70 లక్షలు ఏం చేస్తారు? బ్యాంకులో వేయలేరు, అమెరికాకి పంపలేరు, దానితో కొనబోయే ఇంటికి మళ్ళీ మీరే బ్లాక్‌లో కట్టాల్సి వస్తుంది. హవాలా మాట ఎవరైనా ఎత్తితే అక్కడితో ఆపేయండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆ పైన క్యాష్‌గా తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా వేసే సెక్షన్ ఉంది, అది అమ్మినవాళ్ళకే తగులుతుంది. అమెరికా వైపు అయితే మీ రిటర్న్ మీద ‘ఇది నిజం’ అని సంతకం చేస్తారు. గ్రీన్ కార్డు ఉన్న మనిషి అక్కడ కావాలని ఆదాయం దాచినట్టు తేలితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

కొనేవాళ్ళు ఒప్పుకోకపోతే పది లక్షలు తగ్గించి అయినా పూర్తి వైట్‌లో కొనేవాళ్ళని వెతుక్కోండి. గుంటూరులో బ్యాంకు లోనుతో కొనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి రిజిస్ట్రేషన్ విలువ ఎక్కువ ఉంటేనే లోను ఎక్కువ వస్తుంది.

ఒక చిన్న పని ఇప్పుడే మొదలుపెట్టండి. రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో రెండు రిపోర్టులు రాయించుకోండి: 2001 ఏప్రిల్ 1 నాటి విలువకి ఒకటి, నాన్నగారు పోయిన తేదీ నాటి మార్కెట్ విలువకి ఒకటి. రెండోది ఇండియా ఆడిటర్‌కి అవసరం లేదు కాబట్టి ఆయన అడగరు. పైన చెప్పిన ‘అమెరికాలో లాభం లేదు’ అన్నది ఆ కాగితం మీదే నిలబడుతుంది. అందులో గవర్నమెంటు రేటు వేస్తే మీకే నష్టం, నిజమైన మార్కెట్ ధర కావాలి.

పల్లెలోని రెండెకరాలు మాత్రం ఇప్పుడు అమ్మొద్దు అంటాను. పన్ను కారణంగా కాదు. పల్లెలోని వ్యవసాయ భూమి ఇండియా చట్టంలో అసలు మూలధన ఆస్తే కాదు, లాభానికి పన్ను లేదు. తెనాలి జనాభా లక్ష దాటింది, పది లక్షల లోపు. అందుకని మున్సిపాలిటీ హద్దు నుంచి గాలిదూరం 6 కిలోమీటర్లు దాటి ఉండాలి, గుంటూరు నగరం హద్దుకీ ఇదే కొలత. తహసీల్దారు ఆఫీసు నుంచి దూరం ధ్రువీకరణ తెచ్చుకుంటే వాదన ఉండదు. అమెరికాలో మాత్రం వ్యవసాయ భూమికి అలాంటి ప్రత్యేక గౌరవం లేదు. 2022 తర్వాత పెరిగిన ముక్కకి పన్ను ఉంటుంది, దానికి ఎదురుగా ఇండియా క్రెడిట్ ఉండదు. కానీ అసలు సంగతి ఇది: ఎన్నారైగా ఉండగా వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా (విదేశీ మారక) చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, అమ్మితే ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. ఏడాదిలో వెనక్కి వచ్చేవాళ్ళు అమ్మేసి మళ్ళీ కొనుక్కోవాలనుకుంటే అదే ధరకి దొరకదు. ప్లాట్లు వేసి అమ్ముదామన్న ఆలోచన ఎవరైనా ఇస్తే, అప్పుడది వ్యవసాయ భూమి కాకుండా పోతుంది, మినహాయింపూ పోతుంది.

మీ ఉత్తరంలో లేని ఒక ప్రశ్న నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 2022లో ఆస్తి వచ్చినప్పుడు అమెరికాలో ఫారం 3520 వేశారా? విదేశీ వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకి మించి వారసత్వంగా గానీ బహుమతిగా గానీ వస్తే తెలపాలి. దాని మీద పన్నేమీ లేదు, సమాచారం మాత్రమే. కానీ వేయకపోతే నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా వేసే అధికారం ఐఆర్‌ఎస్‌కి ఉంది. ఇండియాలో వారసత్వ పన్ను 1985లోనే పోయింది, మనవాళ్ళకి ‘నాన్న ఆస్తి వచ్చింది, ప్రభుత్వానికి చెప్పాలి’ అన్న ఆలోచనే రాదు. అమ్మకం రిటర్న్‌లో ‘వారసత్వంగా వచ్చింది’ అని రాసిన రోజున ఆ ప్రశ్న తానుగా లేస్తుంది. స్థలం అమ్మకముందే, ఎందుకు ఆలస్యమైందో సరైన కారణం రాసి సీపీఏ ద్వారా వేయండి.

బ్యాంకు ఖాతాలు కూడా అడుగుతాను. స్థలం, ఫ్లాట్ మీ పేరున నేరుగా ఉన్నంతవరకు ఎఫ్‌బీఏఆర్‌లో (విదేశీ ఖాతాల గురించి అమెరికాకి తెలిపే ఫారంలో) చెప్పక్కర్లేదు. అమ్మిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి (ఎన్నారైలు ఇండియా ఆదాయం వేసుకునే ఖాతాలోకి) వచ్చిన క్షణం నుంచి చెప్పాలి. అన్ని ఖాతాలూ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే చాలు. అమ్మానాన్నల ఖాతాలో ‘ఎవరైనా తీసుకోవచ్చు’ అని మీ పేరు చేర్చి ఉంటే అదీ మీ ఖాతానే. పీపీఎఫ్, సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీలు కూడా. ఇండియా మ్యూచువల్ ఫండ్లు ఉంటే అది ఇంకో ముళ్ళకంప, వాటికి వేయాల్సిన ఫారం 8621 అనే మాట మీ సీపీఏ నోట రాకపోతే మీరే అడగండి. పాత ఏళ్ళవి తెలియక వదిలేసి ఉంటే ఆలస్యంగా సరిదిద్దుకునే ‘స్ట్రీమ్‌లైన్డ్’ దారి ఉంది, ఐఆర్‌ఎస్ నోటీసు రాకముందే దాన్ని వాడుకోవాలి.

వెనక్కి రావడం గురించి. పదిహేడేళ్ళుగా బయట ఉన్నారు కాబట్టి వచ్చాక రెండేళ్ళు, వచ్చిన నెలని బట్టి ఒక్కోసారి మూడో ఏడు కూడా, మీరు ఆర్‌ఎన్‌ఓఆర్ హోదాలో (తిరిగొచ్చినవాళ్ళకి కొంతకాలం ఉండే మధ్యస్థ హోదాలో) ఉంటారు. ఆ కాలంలో మీ అమెరికా ఆదాయం మీద ఇండియా పన్ను వేయదు. ఇర్వింగ్ ఇల్లు అమ్మాలనుకుంటే ఈ కిటికీ మూసుకోకముందే అమ్మండి. అమెరికాలో కూడా, ఖాళీ చేసిన మూడేళ్ళ లోపు అమ్మితేనే ‘అయిదేళ్ళలో రెండేళ్ళు ఉన్నాం’ అన్న షరతు నిలిచి, ఇద్దరికీ కలిపి 5 లక్షల డాలర్ల లాభం దాకా మినహాయింపు దొరుకుతుంది. ఈ రెండు గడువులూ దాదాపు ఒకే చోట పడతాయి. డబ్బుని అమెరికా ఖాతాలోనే తీసుకోండి, తర్వాత తెచ్చుకోవచ్చు. ఆర్‌ఎన్‌ఓఆర్ అయిపోయాక అమెరికా ఖాతాలన్నీ ఇండియా రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) రాయాలి, మరిచిపోతే పది లక్షల జరిమానా వేయగల చట్టం అది. 401కేలో (అమెరికా రిటైర్‌మెంట్ ఖాతాలో) పెరిగే మొత్తం మీద ఏటా కాకుండా తీసుకున్నప్పుడే పన్ను కట్టేందుకు 89ఏ కింద ముందే ఎంపిక తెలపాలి.

గ్రీన్ కార్డు విషయంలో తేదీ చూసుకోండి. ఇండియా వచ్చేసినంత మాత్రాన అమెరికా పన్ను ఆగదు, ఫారం ఐ-407తో కార్డు తిరిగి ఇచ్చేదాకా నడుస్తుంది. పదిహేనేళ్ళలో ఎనిమిది ఏళ్ళు కార్డు ఉంటే ‘దీర్ఘకాల నివాసి’ అవుతారు. ఒక ఏడాదిలో ఒక్క రోజు ఉన్నా ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. మీకు 2020లో వచ్చింది కాబట్టి 2027 ఎనిమిదో ఏడు. 2026 డిసెంబర్ 31 లోపు వదిలేస్తే ఏడేళ్ళే. 2027లో జనవరి రెండో తారీఖున వదిలినా ఎనిమిది. దీర్ఘకాల నివాసి అయ్యాక కార్డు వదిలితే, మీలో ఎవరి నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటినా, లేక గత అయిదేళ్ళ అమెరికా పన్ను బాధ్యతలన్నీ సక్రమంగా నెరవేర్చానని ప్రకటించలేకపోయినా, ప్రపంచంలో ఉన్న ఆస్తులన్నీ ఆ రోజే అమ్మినట్టు లెక్క కట్టి పన్ను వేస్తారు. ఒక పరిమితి వరకు మినహాయింపు ఉంటుంది. 20 లక్షల డాలర్లు ఇద్దరికీ విడివిడిగా చూస్తారు, హైదరాబాద్ ఆస్తులూ అందులో కలుస్తాయి.

అలాగని పన్నుకి భయపడి డిసెంబర్‌లో కార్డు విసిరేయమని చెప్పను. మీ ఆస్తులు ఉత్తరంలో రాసినంతే అయితే ఆ పరిమితికి చాలా దూరంలో ఉన్నారు. మీకు అడ్డొచ్చేది రెండో షరతే, అందుకే 3520 సంగతి అంత నొక్కి చెప్పాను. హైదరాబాద్‌లో ఒక ఏడాది నచ్చక వెనక్కి వెళ్ళిన కుటుంబాలు తక్కువేం కాదు. కార్డు ఉంచుకుని, మళ్ళీ అమెరికా వెళ్ళడానికి రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుని రావడమే మీకు తగినదనిపిస్తోంది.

ఇక వరస. ముందు 3520 వేయడం, వాల్యూయర్ రిపోర్టులు. ఆ తర్వాత స్థలం, పూర్తి వైట్‌లో. హైదరాబాద్‌లో ఇల్లు చూసుకున్నాక ఫ్లాట్ గురించి ఆలోచించండి. అసలు దాన్ని అమ్మాలా అన్నది కూడా అప్పుడే. అందులోనే ఉందామని మీకు అనిపిస్తే ఈ లెక్క అంతా మారుతుంది. స్థలం అమ్మకానికి మీరు రాలేకపోతే అన్నయ్యగారి పేరున జీపీఏ రాసి హ్యూస్టన్ కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు చేయించాలి. జీపీఏలో డబ్బు మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే రావాలని ఒక వాక్యం రాయించండి. మీ గుంటూరు బ్యాంకు ఖాతా ఇంకా మామూలు సేవింగ్స్‌గానే ఉంటే బయానా తీసుకునే ముందే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోండి, లేకపోతే తర్వాత 15సీఏ, 15సీబీ ఫారాలు వేసి డబ్బు అమెరికాకి పంపేటప్పుడు బ్యాంకువాళ్ళు మొదటి ప్రశ్నగా దాన్నే అడుగుతారు.